నొప్పికి సాక్ష్యం ఎవరు?

2018 నవంబర్ 25న స్విట్జర్లాండ్ ప్రజలు ఒక ప్రశ్నకు ఓటుతో జవాబు చెప్పారు. ప్రమాదంలో దెబ్బ తగిలి గానీ, జబ్బుపడి గానీ ఇక పనిచేయలేకపోతున్నామని బీమా సొమ్ము తీసుకునే మనుషుల వెనక, వాళ్లకు తెలియకుండా డిటెక్టివ్‌లను పంపి ఫోటోలూ వీడియోలూ తీయించే అధికారం బీమా సంస్థలకు ఉండవచ్చా అన్నది ఆ ప్రశ్న. ఉండవచ్చు అన్నారు 64.7 శాతం మంది. 2019 అక్టోబర్ 1న ఆ చట్టం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం అందరూ తిరిగే చోట ఉన్న మనిషిని చిత్రించవచ్చు. అలాంటి చోట నిలబడితే కంటికి ఆనే చోట ఉన్నా చిత్రించవచ్చు. ఆరు నెలల వ్యవధిలో 30 రోజుల దాకా ఇలా వెంబడించవచ్చు. మనిషి ఎక్కడుందో చెప్పే జిపిఎస్ పరికరం పెట్టాలంటే మాత్రం న్యాయమూర్తి అనుమతి తీసుకోవాలి. ఆ ఎన్నికల ముందు అక్కడ ఎక్కువగా నలిగిన మాట 'బాల్కనీ'. వీధిలోంచి కనిపించే నా బాల్కనీ నాదా, వీధిదా అని జనం వాదించుకున్నారు.

పార్లమెంటు చేసిన ఆ చట్టాన్ని ప్రజల ముందుకు ఈడ్చుకొచ్చింది ఏ పెద్ద రాజకీయ పార్టీ కాదు. నవలలూ నాటకాలూ రాసే సిబిల్ బెర్గ్, ఒక న్యాయవాది, మరికొందరు పౌరులు కలిసి 100 రోజుల గడువులో 50 వేలకు పైగా సంతకాలు సేకరించారు. చివరికి ఓడిపోయారు. సాహిత్యం చదువుకున్న నాకు ఈ విషయం మీద ఆసక్తి పుట్టింది ఆ రచయిత పేరు వల్లనే. చదువుతూ పోయిన కొద్దీ అది నాకు పరాయి దేశపు బీమా గొడవగా అనిపించడం మానేసింది. స్త్రీలుగా మనం ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చిన ప్రశ్నే అక్కడ మరో వేషంలో కనిపించింది. ఒక మనిషి తన శరీరం గురించి తాను చెప్పే మాటకు విలువెంత? ఎవరు 'నొప్పిగా ఉంది' అంటే నమ్ముతాం, ఎవరు అంటే వెనక మనిషిని పంపుతాం?

ఆ చట్టం వెనక ఒక స్త్రీ అనుభవం ఉంది. 1995లో ఆమెను ఒక మోటార్ సైకిల్ గుద్దింది. కిందపడి తలకు దెబ్బ తగిలింది. ఆ తరువాత పదేళ్ల పాటు ఆమె ఎంత మేరకు పనిచేయగలదో తేల్చడానికి డాక్టర్లు పరీక్షలు చేస్తూనే ఉన్నారు. ఒకరి నివేదిక మరొకరి నివేదికతో పొసగలేదు. బీమా సంస్థ మరొక పరీక్షకు రమ్మంటే ఇక రానంది. 2006 అక్టోబర్‌లో ఆ సంస్థ డిటెక్టివ్‌లను పంపింది. 23 రోజుల వ్యవధిలో నాలుగు రోజులు, కొన్నేసి గంటల చొప్పున ఆమె వెంట తిరిగారు. ఆమె కుక్కను నడిపించుకు వెళ్లడం, కారు నడపడం, సరుకులు కొనుక్కోవడం చూశారు. ఆ నివేదికా పాత కాగితాలూ ముందు పెట్టుకుని ఒక న్యూరాలజిస్టు, ఆమె అశక్తత 10 శాతమేనని తేల్చారు. 2010లో స్విస్ అత్యున్నత న్యాయస్థానం నిఘాలో తప్పులేదంది. 2016 అక్టోబర్ 18న స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం మాత్రం ఆమె వ్యక్తిగత జీవితానికి భంగం కలిగిందని తీర్పు ఇచ్చి, 8 వేల యూరోల పరిహారం ఇమ్మంది.

ఆ తీర్పును చివరిదాకా చదివితే అందులో రెండు మెలికలు కనిపిస్తాయి. ఆ నిఘా ఆమె హక్కుకు భంగమే గానీ, అలా సంపాదించిన చిత్రాలను సాక్ష్యంగా వాడుకున్నంత మాత్రాన విచారణ అన్యాయం కాలేదని న్యాయస్థానం అంది. అంటే అలా చూడటం తప్పు, చూసిందేదో చెల్లుతుంది. రెండో మెలిక ఇంకా సూక్ష్మమైనది. నిఘా ఎవరు పెట్టించవచ్చు, ఎంతకాలం పెట్టవచ్చు, చిత్రాలను ఎలా భద్రపరచాలి అన్నవి స్విస్ చట్టంలో స్పష్టంగా లేవు కాబట్టి భంగం కలిగిందని ఆ తీర్పు చెప్పింది. రాజ్యం ఆ వాక్యాన్ని తనకు కావలసినట్టు చదువుకుంది. స్పష్టంగా లేదన్నారు కదా అని స్పష్టంగా రాసేసింది. ఒక స్త్రీ పదేళ్లు పోరాడి గెలిచిన తీర్పు, ఆమెకు జరిగినదాన్ని మిగతావాళ్లకు నియమబద్ధంగా జరిపించే చట్టానికి దారి తీసింది.

కాబట్టి ఇక్కడ మన ప్రశ్న చట్టం దగ్గర ఆగదు. అన్నీ చట్టప్రకారమే జరిగాయనుకుందాం. అనుమతులు ఉన్నాయి, గడువు దాటలేదు, వీధి హద్దు దాటలేదు. అప్పుడు కూడా ఇందులో మిగిలిపోయే అన్యాయం ఏమిటి?

*

దీనికి జవాబు వెతకాలంటే ఈ అనుమానం ఎక్కడ పుట్టిందో చూడాలి. పనిలో దెబ్బ తగిలిన మనిషికి యజమాని డబ్బు చెల్లించాలన్న ఆలోచన 19వ శతాబ్దపు చివర చట్టాలలోకి వచ్చింది. జర్మనీలో 1884లో, బ్రిటన్‌లో 1897లో, వలస పాలనలోని మన దేశంలో 1923లో. ఈ చట్టాల వెనక ఒక ఒప్పందం ఉంది. యజమాని తప్పు చేశాడని కార్మికుడు నిరూపించనక్కరలేదు. దానికి బదులుగా కోర్టుకెక్కి పెద్ద మొత్తం కోరే దారిని చాలావరకు వదులుకోవాలి. తప్పు ఎవరిదన్న ప్రశ్న పక్కకు పోయింది. అది అంతటితో మాయమైపోలేదు. యంత్రానికి కంచె ఎందుకు లేదని అడిగే చోటు తగ్గిపోయి, నీకు నిజంగా నొప్పిగా ఉందా అని అడిగే చోటు పెరిగింది. తప్పు ఫ్యాక్టరీ గోడలు దాటి కార్మికుల ఒంట్లోకి వచ్చి చేరింది.

మన భాషలో పరిహారం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి నష్టపరిహారం. రెండోది దోష పరిహారం. దోషం చేసినవాళ్లు దాన్ని పోగొట్టుకోవడానికి శాంతి చేయిస్తారు, నోములు నోస్తారు. ఆ అర్థంలో చూస్తే దోషం ఎవరిదో పరిహారం వాళ్లే చెల్లించాలి. బీమా ఆఫీసు వరండాలో ఏళ్ల తరబడి తిరిగే మనుషులను చూస్తే ఆ రెండు అర్థాలూ తలకిందులయ్యాయనిపిస్తుంది. దెబ్బ తిన్నది ఒకరు. తిరుగుళ్లూ, పరీక్షలూ, ప్రమాణాలూ, నిందలూ అన్నీ మళ్లీ ఆ ఒకరికే.

ఈ అనుమానానికి వైద్యశాస్త్రంలో ఒక పాత వంశవృక్షం ఉంది. 1860ల నాటికి ఇంగ్లండ్‌లో రైలు ప్రమాదాలు పెరిగాయి. పైకి గాయం కనబడకుండా వెన్ను నొప్పి, వణుకు, నిద్రలేమితో బాధపడేవాళ్లు నష్టపరిహారం కోరేవారు. 1866లో ఎరిక్‌సన్ అనే లండన్ సర్జన్ ఇవి వెన్నుపాముకు జరిగిన నిజమైన దెబ్బలేనని ఉపన్యాసాలిచ్చాడు. 1883లో హెర్బర్ట్ పేజ్ దాన్ని ఖండిస్తూ పుస్తకం రాశాడు. ఇవి చాలావరకు భయం వల్ల, నరాల బలహీనత వల్ల, హిస్టీరియా వల్ల వచ్చేవన్నాడు. డబ్బు చేతికందాక తగ్గిపోతాయన్నాడు. ఆయన ఒక పెద్ద రైల్వే కంపెనీకి సర్జన్ కూడా. 1961లో హెన్రీ మిల్లర్ అనే బ్రిటిష్ న్యూరాలజిస్టు మళ్లీ అదే మాట 'యాక్సిడెంట్ న్యూరోసిస్' అన్న పేరుతో చెప్పాడు. పరిహారం అందిన తరువాత కూడా చాలామందికి బాధ పోలేదని, పనిలోకి తిరిగి వెళ్లలేకపోయారని తరువాతి పరిశీలనల్లో తేలింది. అయినా ఆ మాట బీమా ప్రపంచంలో స్థిరపడిపోయింది.

హిస్టీరియా అన్న మాట గర్భాశయానికి గ్రీకు భాషలో ఉన్న పేరులోంచి వచ్చింది. స్త్రీల బాధను తేలిగ్గా తోసిపుచ్చడానికి శతాబ్దాలుగా వాడుతూ వచ్చిన మాట అది. అరిగిపోయిన ఆ మాటను రైల్వే కంపెనీలు గాయపడిన మగవాళ్ల మీద కూడా ప్రయోగించాయి. ఈ చరిత్రలో మనకు పనికొచ్చే సంగతి ఇదే అనిపిస్తుంది. గాయపడ్డ కార్మికుడిని అనుమానించే పద్ధతి అప్పటికప్పుడు కొత్తగా కనిపెట్టింది కాదు. స్త్రీని అనుమానించడానికి తయారైన పనిముట్టే అతని మీదా ఉపయోగపడింది. నువ్వు ఎక్కువ చేసి చెబుతున్నావు, నీకే తెలియకుండా నటిస్తున్నావు, నీ కన్నా నీ శరీరం నాకే బాగా తెలుసు. ఈ మూడు వాక్యాలు వినని స్త్రీ మనలో ఎవరైనా ఉన్నారా? బాధపడుతున్నవాళ్లకు తమ నొప్పి కన్నా నిశ్చయమైనది ఇంకొకటి ఉండదు, బయటివాళ్లకు దాని కన్నా సులభంగా అనుమానించగలిగింది ఇంకొకటి ఉండదు. ఎలేన్ స్కారీ 1985లో శరీర బాధ మీద రాసిన పుస్తకం ఈ ఎడం మీదనే నడుస్తుంది. ఆ ఎడంలోకి అధికారం ఎప్పుడూ సులువుగా దూరిపోతుంది.

*

ఎదుటి పక్షం వాదనను కూడా నిజాయితీగా వినాలి. మోసాలు ఉన్నాయి. పనిచేయగలిగి కూడా చేయలేమని చెప్పి డబ్బు తీసుకునేవాళ్లు ఉంటారు. ఆ డబ్బు బీమా సంస్థ సొంత ఆస్తి కాదు, నెలనెలా జీతంలోంచి కోత పెట్టించుకునే అందరిదీ. ఒకరు అబద్ధం చెబితే నష్టపోయేది పక్కవాళ్లే. స్విస్ ఓటర్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందిని క్రూరులనో మూర్ఖులనో కొట్టేయలేం. నిజాయితీగా కష్టపడే తమ సొమ్ము దొంగల పాలు కాకూడదని వాళ్లు అనుకుని ఉంటారు. ఇలాంటి నిధులు నమ్మకం మీదనే నిలుస్తాయన్నది కూడా నిజమే.

నా అభ్యంతరం సరిచూసుకోవడం మీద లేదు. సరిచూసుకోవడానికీ పొంచి ఉండటానికీ ఉన్న తేడాను చెరిపేయడం మీద ఉంది. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు నన్ను పరీక్షిస్తున్నారని నాకు తెలుసు. చేయి ఎత్తమంటే ఎత్తుతాను, ఎత్తాక ఎక్కడ గుంజుతోందో చెబుతాను. చూపుతో పాటు మాటకు కూడా అక్కడ చోటుంది. పొంచి చూసే కెమెరాకు నా మాటతో పని లేదు. నేను చెప్పేది అబద్ధమై ఉండవచ్చని ముందే నిర్ణయించుకుంది కాబట్టే అది పొంచి ఉంది. బ్రిటిష్ తత్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో రాసిన పుస్తకంలో ఈ రకపు అన్యాయానికి ఒక పేరు పెట్టింది. మాట్లాడేవాళ్లు ఎవరన్న దాన్ని బట్టి వాళ్ల మాట విలువను తగ్గించడం ఒక మనిషిని జ్ఞానం కలిగిన మనిషిగా గుర్తించకపోవడమేనని ఆమె వాదన. తనకేమయిందో తెలిసిన మనిషి స్థానం నుంచి తోసేసి, ఏమయిందో మేం కనిపెట్టవలసిన వస్తువుగా మార్చేయడం అన్నమాట.

స్త్రీల విషయంలో ఈ పని మన న్యాయస్థానాలు ఎలా చేశాయో మనకు తెలుసు. మథుర కేసులో 1978లో సుప్రీంకోర్టు ఆమె ఒంటి మీద గాయాలు లేకపోవడాన్ని ఆమె మాటకు వ్యతిరేకంగా నిలబెట్టింది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన బహిరంగ లేఖ, ఆ తరువాత దేశమంతటా స్త్రీలు చేసిన ఉద్యమం ఆ తర్కాన్ని ప్రశ్నించాయి. శరీరం మాట్లాడితేనే వింటాం, నువ్వు మాట్లాడితే వినం అన్నది ఆ తర్కం. గాయపడ్డ కార్మికుల ముందు ఇప్పుడు నిలబడుతున్నది కూడా అదే.

*

ఇంతవరకూ చెప్పినది స్త్రీలకూ పురుషులకూ సమానంగా వర్తించేదే. కానీ కెమెరా ఏం చూస్తుందని అడిగితే ఇద్దరూ విడిపోతారు.

ఫ్యాక్టరీ నుంచి సెలవులో ఉన్న స్త్రీ ఇంట్లో ఏం చేస్తూ కనబడుతుంది? బజారు నుంచి సంచులు మోసుకొస్తూ, పిల్లను చంకనెత్తుకుంటూ, బట్టలు పిండి ఆరేస్తూ, వాకిలి ఊడుస్తూ. ఇదంతా పని కాదని ఆర్థికశాస్త్రం చాలాకాలం చెప్పింది. జీతం లేదు కాబట్టి జాతీయాదాయంలో దానికి లెక్క లేదు. జనాభా లెక్కల వాళ్లు వస్తే ఇంటాయన 'ఆవిడేం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది' అని రాయించేవాడు. అదే స్త్రీ నడుంకి దెబ్బ తగిలిందని పరిహారం అడిగిన రోజున మాత్రం ఆ చాకిరీ అంతా హఠాత్తుగా పని హోదా సంపాదించుకుంటుంది. చూడండి, ఎత్తుతోంది, వంగుతోంది, మోస్తోంది, కాబట్టి ఈమె పనిచేయగలదు! జీవితమంతా లెక్కకు రాని ఇంటిపని ఆమెకు వ్యతిరేకంగా చెప్పవలసి వచ్చినప్పుడు లెక్కకు వస్తుంది.

దీనికి అధికారిక లెక్క కూడా ఉంది. అదే స్విట్జర్లాండ్‌లో, అదే 2016లో, ఫిబ్రవరి 2న స్ట్రాస్‌బర్గ్ న్యాయస్థానం మరొక తీర్పు ఇచ్చింది. దుకాణంలో పూర్తికాలం పనిచేసే ఒక యువతి నడుం నొప్పి వల్ల 2002లో ఉద్యోగం మానుకుంది. 2004లో ఆమెకు కవలలు పుట్టారు. ఆరోగ్యంగా ఉన్నా ఇక సగం రోజే ఉద్యోగం చేసేదాన్నని ఆమె చెప్పింది. దాంతో అధికారులు 'మిశ్రమ పద్ధతి' అనే లెక్కను బయటికి తీశారు. ఆమె జీవితాన్ని ఉద్యోగం సగం, ఇల్లు సగంగా విడదీశారు. సగం రోజు ఉద్యోగం ఇప్పుడు కూడా చేయగలదు కాబట్టి అక్కడ నష్టం లేదన్నారు. ఇంటికి మనిషిని పంపి వంట, శుభ్రం, బట్టలు, పిల్లల పనులలో ఎంతెంత ఇబ్బంది ఉందో శాతాల్లో రాసుకున్నారు. రెండూ కలిపినా పింఛనుకు కావలసిన 40 శాతం రాలేదు. పిల్లలు పుట్టక ముందు అశక్తురాలైన స్త్రీ, పుట్టాక కాగితం మీద కోలుకుంది. ఈ లెక్క వర్తించేవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా స్త్రీలే. ఇది వివక్ష అని న్యాయస్థానం అంది. అదీ నలుగురు ముగ్గురుగా చీలి, ఒక్క ఓటు తేడాతో. 2018 నుంచి ఆ లెక్కను మార్చారు.

మన దగ్గర డిటెక్టివ్ కెమెరా కన్నా ముందు వీధి ఉంటుంది. 1990ల చివర మా మేనత్త చిలకలూరిపేట వైపు ఒక స్పిన్నింగ్ మిల్లులో పనిచేసేది. నూలు డబ్బాలు మోస్తూ జారిపడి నడుం పట్టేసింది. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం (ఇప్పుడు అది 2020 సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయింది) షెడ్యూలులో వేళ్లకు లెక్క ఉంది. బొటనవేలు మొత్తం పోతే 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం సంపాదన శక్తి పోయినట్టు. తెగని, విరగని, కమిలిన నడుంకి అలాంటి అంకె లేదు. డాక్టరు ఎంతంటే అంత, ఎదుటి పక్షం ఒప్పుకుంటే అంత. అత్త తరఫున వేసిన కేసు నడుస్తుండగా బీమా కంపెనీ పంపిన మనిషి ఒకతను మా వీధికి వచ్చాడు. అత్తను కలవలేదు. కిరాణా కొట్టులో, పంపు దగ్గర, పక్కింట్లో మాట్లాడి వెళ్లాడు. అందరూ అత్త గురించి మంచే చెప్పారు. 'పాపం, మొగుడు లేని మనిషి, ఎవరి మీదా ఆధారపడదండీ, నడుం నొప్పితో కూడా తన నీళ్లు తనే తెచ్చుకుంటుంది' అన్నారు. ఆ మాటలోంచి నడుం నొప్పి రాలిపోయి, నీళ్లు తెచ్చుకోవడం మాత్రం కాగితం మీదకు ఎక్కింది. చివరికి డాక్టరు రాసిన శాతంలో సగానికి కేసు రాజీ అయింది.

తరువాత చాలా ఏళ్లకు, నేను పిహెచ్‌డి చేస్తున్నప్పుడు, ఈ సంగతి అత్తను అడిగాను. ఆవిడకు ఆ ఇరుగుపొరుగు మీద కోపం లేదు. 'వాళ్లు మంచిదానికే చెప్పారమ్మా. నేను బిందె మోయటం అందరూ చూశారు. మోసినాక గోడకి ఆనుకుని ఎంతసేపు కూర్చున్నానో ఎవరు చూశారు?' అంది.

స్త్రీ ఓర్పును మెచ్చుకునే సంస్కృతి మనది. పళ్ల బిగువున చేసుకుపోయే ఆడమనిషికి ఇరుగుపొరుగు పెట్టే పేరు 'మంచి మనిషి'. ఆ పేరే ఆమె మీద సాక్ష్యం అయింది. ఓర్చుకోకపోతే చెడ్డది, ఓర్చుకుంటే నొప్పి లేనిది. ఈ రెండింటి మధ్య నొప్పి ఉన్న మంచి మనిషికి నిలబడే చోటు లేదు.

*

అత్త మాటలో కెమెరా మీద ఒక పూర్తి విమర్శ ఉంది. నొప్పి కాలంలో ఉంటుంది. చిత్రం క్షణంలో ఉంటుంది. దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్లకు మంచి రోజులూ చెడ్డ రోజులూ ఉంటాయి. మంచి రోజున నాలుగు పనులు చేసుకుని దాని బాకీ మూడు రోజులు మంచం మీద తీర్చుకుంటారు. తలుపు మూసుకుని పడుకున్న రోజున డిటెక్టివ్‌కు దొరికేదేమీ ఉండదు. అతని కెమెరాకు చిక్కేది ఎప్పుడూ మనిషి బయటికి రాగలిగిన రోజే. ఎవరూ మోసం చేయనక్కరలేదు, ఏ ముక్కా కత్తిరించనక్కరలేదు. పద్ధతిలోనే ఒక పక్కకు మొగ్గు ఉంది.

అందుకే నిఘాలో ఉన్న మనిషి క్రమంగా ఒక పాత్ర ధరించడం నేర్చుకుంటుంది. నవ్వడానికి భయపడుతుంది. 2009లో కెనడాలోని క్యూబెక్‌లో డిప్రెషన్‌తో దీర్ఘ సెలవులో ఉన్న ఒక ఉద్యోగినికి బీమా చెల్లింపులు ఆగిపోయాయి. సముద్రపు ఒడ్డున, పుట్టినరోజు పార్టీలో నవ్వుతూ ఆమె ఫేస్‌బుక్‌లో పెట్టుకున్న ఫోటోలే కారణమని తనకు చెప్పారని ఆమె అంది. కేవలం ఫేస్‌బుక్‌ను చూసి చెల్లింపు ఆపబోమని సంస్థ అంది. కాస్త బయటికి వెళ్లు, సరదాగా ఉండు అని ఆమెకు చెప్పింది డాక్టరే. 2018లో ఆస్ట్రేలియాలో బ్యాంకులు, బీమా సంస్థల మీద విచారణ జరిపిన రాయల్ కమిషన్ ముందుకు ఒక నర్సు ఉదంతం వచ్చింది. మానసిక అనారోగ్యంతో బీమా కోరిన ఆమె వెనక సంస్థ ప్రైవేటు డిటెక్టివ్‌ను పెట్టింది. రోజూ ఏమేం చేసిందో డైరీ రాసి పంపమంది.

డైరీ అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. స్త్రీల సాహిత్య చరిత్రలో డైరీకి, ఉత్తరానికి మనం ఎంత చోటిచ్చామో తలచుకుంటే ఇది వేరే రకంగా బాధపెడుతుంది. ఎవరి కోసమూ కాకుండా తన కోసం రాసుకునే చోటు అది. దాన్ని అపరాధి హాజరు పట్టీగా మార్చేశారు. తనమీద తానే నిఘా వేసుకుని, ఆ నివేదికను తన చేత్తోనే రాసి పంపించమన్నారు. జైళ్ల చరిత్ర రాస్తూ ఫూకో ఏం చెప్పాడో ఈ పత్రిక చదివేవాళ్లకు నేను గుర్తు చేయనక్కరలేదు. కావలివాడు ఉన్నా లేకున్నా ఖైదీ తనను తాను కాపలా కాసుకుంటాడు. స్త్రీలకు ఈ సంగతి ఫూకో చెప్పక ముందే తెలుసు. విధవ గట్టిగా నవ్వకూడదు, కాపురం చెడి వచ్చిన కూతురు మంచి చీర కట్టకూడదు. బాధ పడాల్సినవాళ్లు బాధలో ఉన్నట్టు కనబడాలన్న నియమం మన ఇళ్లలో చాలా పాతది. బీమా సంస్థ దానికి జీతగాళ్లను పెట్టిందంతే.

సీత అగ్నిపరీక్ష గురించి మన రచయిత్రులు ఎంతో రాశారు. దీన్ని దానితో పోల్చాలని నాకూ అనిపించింది గానీ ఒక తేడా ఉంది. అగ్నిపరీక్ష బహిరంగంగా జరిగింది. అది పరీక్ష అని సీతకు తెలుసు. నిఘా అనే పరీక్షలో కూర్చున్న సంగతి కూర్చున్నవాళ్లకే తెలియదు. పోలిక కుదిరేది ఆ తరువాత. అగ్ని ఒప్పుకున్నా లోకుల నోరు ఊరుకోలేదు. గాయపడ్డ మనిషికి కూడా ఇంత సాక్ష్యం చాలు అన్న హద్దు ఎక్కడా లేదు. పదేళ్ల పరీక్షల తరువాత కూడా ఒక వీడియో వచ్చి ఆ పదేళ్లనూ తుడిచేయగలదు.

హక్కుగా రావలసిన దాన్ని దానంగా మార్చడం వల్లనే ఇదంతా సాధ్యమవుతోంది. దానం పుచ్చుకునేవాళ్లు దీనంగా ఉండాలి. చిరిగిన బట్టల్లో ఉండాలి, తలెత్తకూడదు, పండగ చేసుకోకూడదు. హక్కుకు దీనత్వంతో పని లేదు. వేలు పోయిన మనిషికి పెళ్లిలో డ్యాన్సు చేసినా వేలు పోయినట్టే. నడుం దెబ్బతిన్న మనిషి ఒక సాయంత్రం పిల్లతో ఆడుకుంటే, ఆ సాయంత్రం ఆమెకు మిగిలిన జీవితం. పరిహారం ఇచ్చింది మిగిలిన ఆ జీవితాన్ని బతకడానికే కదా. ఆమె బతుకుతున్నట్టు కనబడగానే వెనక్కి లాక్కుంటే, ఇచ్చింది దేనికి పరిహారం?

అనుమానం వస్తే ఏం చేయాలి మరి? ముఖాముఖి అడగాలి. మాకు ఈ సందేహం ఉంది, నీ జవాబేమిటి అని ఆమె ముందు పెట్టాలి. ఒక గంటను కాకుండా రోజు మొత్తాన్ని, ఆ మరునాటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆమె చేసిన ఇంటిపనిని చూపించదలిస్తే, దాన్ని అన్నిచోట్లా పనిగా లెక్కపెట్టాలి. జీతంలో, పింఛనులో, నష్టపరిహారంలో. ఒక్క అనుమానపు దస్త్రంలోనే లెక్కపెట్టడం కుదరదు.

సాహిత్యం చదివేవాళ్లుగా, రాసేవాళ్లుగా మన పని కూడా ఇక్కడ ఉంది. చట్రానికి ముందూ వెనకా ఏం జరిగిందో అడగడం మనకు అలవాటైన విద్యే. బిందె ఎత్తిన బొమ్మ ఎవరైనా తీయగలరు. ఆమె ఎందుకు ఎత్తవలసి వచ్చింది, ఆ ఇంట్లో ఎత్తిపెట్టే మరో చేయి ఎందుకు లేకపోయింది, తరువాత గోడకు ఆనుకుని ఎంతసేపు కూర్చుంది అన్నవి అడిగితే గానీ తెలియవు. అడిగినప్పుడు ఆమె చెప్పింది నమ్మితే గానీ తెలియవు. అత్త కేసు కాగితాలు నేను ఆ తరువాత తీసి చూశాను. డాక్టరు ప్రశ్నలున్నాయి, లాయరు ప్రశ్నలున్నాయి, ఆ వీధికి వచ్చిన మనిషి రాసిన పేరా ఉంది. ఈ మూడు ప్రశ్నలూ వాటిలో ఎక్కడా లేవు.